వరండా ఫ్యాను

నిడదవోలులో మా పాత ఇంటావిడ పోయారని మొన్న ఫోను వచ్చింది. చేసింది అక్కడ మా పక్క వాటాలో ఉండే సుబ్బలక్ష్మి. ఎవరైనా పోయారంటే ఏమైంది, ఎప్పుడు అని అడుగుతాం. నా నోట్లోంచి వచ్చిన మొదటి ప్రశ్న వేరు.

“ఎక్కడ? లోపలా, బయటా?” అన్నాను.

సుబ్బలక్ష్మికి ఆ ప్రశ్న వింతగా అనిపించలేదు. ఆ ఇంట్లో అద్దెకున్న వాళ్లెవరికీ అనిపించదు.

“రెండూ కాదండి. రాజమండ్రిలో, ఆస్పత్రిలో పోయారు. తీసుకొచ్చి వరండాలో పెట్టారు” అంది.

“ఫ్యాను వేశారా?”

“ఫ్రీజరు పెట్టె తెచ్చారు కదండీ. ఇంక ఫ్యానెందుకు?”

ఫోను పెట్టేశాక చాలాసేపు వంటింట్లోనే కూర్చున్నాను. ఈ కబురు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలుసు. ఆ రోజు కోసం కాస్త సంతోషం దాచిపెట్టుకున్నాననే అనుకునేదాన్ని. తీరా వెతికితే అది లేదు. ఏడుపూ రాలేదు. కుక్కరు కూత పెడుతుంటే లేచి స్టవ్వు కట్టేశాను.

ఆవిడ పొట్టిగా, పీలగా ఉండేవారు. నేత చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని తిరిగేవారు. నడిస్తే చప్పుడయ్యేది కాదు. గొంతు కూడా అంతే. ఆవిడ గట్టిగా మాట్లాడగా విన్నవాళ్లు లేరు. పాలతనికీ అండీ, చెత్త బండి తోసేవాళ్లకీ అండీ. మాలాంటి చిన్నవాళ్లని అమ్మా, బాబూ అని పిలిచినా ఆ వెనకే ‘రండి’, ‘కూర్చోండి’ తప్పేది కాదు. అద్దె పెంచినా “మీకు కష్టం కాకపోతేనేనమ్మా” అంటూ పెంచేవారు. కష్టమని చెప్పడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు.

ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లకి ఎవరైనా కుళాయి, వంటగట్టు చూపిస్తారు. ఈవిడ ఫ్యాన్లు చూపించేవారు. గదిగదికీ వెళ్లి స్విచ్చి వేసి, రెక్కలు వేగం అందుకునేదాకా ఆగి, కొంగు చివర పైకెత్తి పట్టుకునేవారు. కొంగు రెపరెపలాడితే, “చూశారా అమ్మా, నా ఇంట్లో గాలికి లోటుండదు” అనేవారు. చుట్టూ కాలవలూ చేలూ చేపల చెరువులూ ఉన్న ఊళ్లో వేసవి ఉక్క ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి ఆ మాట చిన్నదేం కాదు. మేం ఆ ఇల్లు తీసుకున్నది ఆ కొంగు చూసే.

మూడు వాటాల్లోనూ ఫ్యాన్లన్నీ ఆవిడవే. ఎవరైనా సొంత ఫ్యాను తెచ్చుకుంటామంటే ఒప్పుకునేవారు కాదు. “మీరు తెచ్చుకుంటే వెళ్లేటప్పుడు విప్పుకెళ్తారు. ఆ విప్పడానికి వచ్చే అతను నిచ్చెనతో నా గోడలన్నీ గీకేస్తారు” అనేవారు. ఏసీ మాట ఎత్తితే అసలు వినిపించుకునేవారు కాదు. కరెంటు తక్కువ కాల్చే రిమోటు ఫ్యాన్లు వచ్చాక మాత్రం ఆవిడకి హుషారు పుట్టింది. వేసవికి ఒక వాటా చొప్పున పాతవి దించి కొత్తవి పెట్టించడం మొదలుపెట్టారు. దించిన ఫ్యాన్ని పాత ఇనుప సామాన్లకి వేసేముందు తడిగుడ్డతో తుడిచేవారు. తుక్కుగా పోయేదాన్ని తుడవడం దేనికని అడిగితే, “ఇన్నేళ్లు తిరిగింది కదమ్మా” అనేవారు.

ఎలక్ట్రీషియన్ వచ్చాడంటే ఆవిడకి ఇంక వంట లేదు, పూజ లేదు. స్టూలు రెండు చేతులతో పట్టుకుని నిలబడేవారు. “రాడ్డు పొట్టిదైపోయింది బాబూ, గాలంతా పైనే తిరుగుతుంది.” “ఆ కప్పు ఇంకాస్త పైకి తొయ్యండి, వైర్లు కనపడుతున్నాయి.” బిగించడం అయ్యాక స్విచ్చి వేయించి, ఆ వయసులో, ఫ్యాను కింద గచ్చు మీద వెల్లకిలా పడుకునేవారు. చేతులు రెండూ పొట్ట మీద పెట్టుకుని, రెప్ప వేయకుండా పైకి చూస్తూ ఉండిపోయేవారు. మొదటిసారి చూసి పడిపోయారేమోనని నేను పరిగెత్తాను.

“పడుకునే కదమ్మా మనం ఫ్యాన్ని చూసేది. నిలబడి చూస్తే ఊగుతోందో లేదో ఏం తెలుస్తుంది?” అన్నారు కింద నుంచే.

లేచాక ఫ్యాను ఆపించి, మధ్య భాగానికి పసుపు రాయించి కుంకుమ బొట్టు పెట్టించేవారు, కొత్త బండికి పెట్టించినట్టు. ఎలక్ట్రీషియన్‌కి టీ ఇచ్చేవారు. ఆ రోజంతా ఆవిడ మొహంలో ఏదో పెళ్లి చేసినంత తృప్తి కనిపించేది.

బొట్టు లేని ఫ్యాను ఒక్కటే, ముందు వరండాలో ఉండేది. పాతకాలం ఇనుప ఫ్యాను. బరువైనది. తిరిగితే కిర్రు కిర్రుమంటుంది. దాని స్విచ్చి వరండాలో ఉండదు, ఇంటావిడ గదిలో ఉంటుంది. మేం చేరిన మొదటి వేసవిలో నేను వరండాలో కూర్చుని బెండకాయలు తరుగుతూ, “పిన్నిగారూ, కాస్త ఫ్యాను వేస్తారా?” అన్నాను.

“అది వద్దమ్మా. లోపలికెళ్లి కూర్చోండి” అన్నారు.

చెడిపోయిందేమో అనుకున్నాను. సుబ్బలక్ష్మి నన్ను పెరట్లోకి పిలిచి చెప్పింది. “అది మనక్కాదండి. పోయేవాళ్లకి.”

మా జిల్లాల్లో పుట్టినవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. చెడ్డ నక్షత్రంలో మనిషి ఇంట్లో పోతే ఆ ఇల్లు పాడుపెట్టాలంటారు. అంటే తలుపులు మూసేసి, దీపం కూడా పెట్టకుండా, సిద్ధాంతి చెప్పినన్ని నెలలు వదిలేసి వెళ్లిపోవాలి. సొంత మనిషి కోసమైతే ఎలాగో ఆ కష్టం పడతారు. అద్దెకున్నవాళ్ల కోసం ఏ ఓనరు పడతాడు? అందుకని ఎవరికైనా జబ్బు ముదిరిందంటే గడప బయటికి తెచ్చేయమంటారు. కొందరు రేకుల షెడ్డు చూపిస్తారు, కొందరు వీధి చూపిస్తారు. మా ఇంటావిడ అలాంటివారు కాదు. వరండా కట్టించి, శ్లాబు పోసేటప్పుడే హుక్కు వేయించి, ఫ్యాను పెట్టించారు. అందుకు ఊళ్లో ఆవిడకి మంచి పేరుండేది.

మామూలు రోజుల్లో ఆ ఫ్యాను మీద దుమ్ము పేరుకునేది. దాన్ని తుడిపించారంటే వాటాల్లో గుసగుసలు మొదలయ్యేవి. ఒకసారి దసరాకి బూజులు దులిపిస్తూ దాన్నీ దులిపించారు. వెనక వాటాలో పోస్టాఫీసులో చేసి రిటైరైన ఒకాయన ఉండేవారు. ఆ సాయంత్రం గొంతు సవరించుకుంటూ ఇంటావిడ దగ్గరికి వచ్చి, “అమ్మా, నాది వట్టి జలుబేనండి. డాక్టరు కూడా ఏం లేదన్నాడు” అని చెప్పారు. మేమంతా పడీ పడీ నవ్వాం. ఆవిడ నవ్వలేదు. “అయ్యో, మీకు కాదండి” అన్నారు.

భర్త సంగతి ఆవిడ నాకు ఒక్కసారే చెప్పారు. మా పడగ్గది ఫ్యాను కండెన్సరు పోతే మార్పించి, అలవాటు ప్రకారం కింద పడుకుని చూస్తూ చెప్పారు. నా మొహం చూడక్కర్లేదు కాబట్టి చెప్పగలిగారేమో.

“ధనిష్ఠలో పోయారమ్మా మావారు. ఈ ఇంట్లోనే. ఆరు నెలలు తాళం వేసేశాం. వాటాలవాళ్లంతా వెళ్లిపోయారు. పిల్లల్ని తీసుకుని మా అన్నయ్యగారింటికి వెళ్లాను. వాళ్ల హాల్లో పడుకునేవాళ్లం. తెల్లారగట్ల మా వదిన లేచి వచ్చేది. పిల్లలు నిద్దట్లో ఉన్నా సరే, ఫ్యాను కట్టేసి వెళ్లేది. ఏమీ అనేది కాదు. కట్టేసి వెళ్లేది. ఒకళ్ల ఫ్యాను కింద పడుకోవడమంటే ఏంటో మీకు తెలీదమ్మా. స్విచ్చి వాళ్ల చేతిలో ఉంటుంది.”

లేచి, చీర దులుపుకుని, “ఊగట్లేదు, బాగుంది” అని వెళ్లిపోయారు. ఆ రోజు ఆవిడ మీద నాకు చాలా జాలేసింది. తర్వాత ఎంత కోపం వచ్చినా ఆ జాలి పూర్తిగా పోలేదు, అదే నా అవస్థ.

మా అమ్మ మా దగ్గరే ఉండేది. తనకి నేనొక్కదాన్నే. అమ్మా ఇంటావిడా ఒకరినొకరు ‘వదినగారూ’ అని పిలుచుకునేవారు. అమ్మ పనసపొట్టు కూర చేస్తే ఒక గిన్నె అటు వెళ్లేది, ఆ గిన్నె ఖాళీగా తిరిగొచ్చేది కాదు. మధ్యాహ్నాలు ఇద్దరూ మా హాల్లో ఫ్యాను కింద చాప వేసుకుని నడుం వాల్చేవారు. “మీకు గాలి ఎక్కువైందా వదినగారూ?” అని ఒకరు, “మీకే చాలట్లేదేమో చూసుకోండి” అని ఇంకొకరు. ఆ రెగ్యులేటరు దగ్గరికి ఎవరూ వెళ్లకుండానే కునుకుపట్టేసేది.

అమ్మకి కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ కోసం రాజమండ్రి తిప్పాం. చివరికి గుండె తట్టుకోవట్లేదు, ఇంటికి తీసుకెళ్లిపోండి అన్నారు డాక్టరు. ఇంటావిడ రోజూ ఫోను చేసి అమ్మ ఎలా ఉందో కనుక్కునేవారు. ఆ రోజూ చేశారు. ఏడుస్తూ ఉన్నదున్నట్టు చెప్పేశాను.

అమ్మ దగ్గర మావారిని ఉంచి, గది సర్దుదామని నేను ముందుగా బస్సెక్కి వచ్చాను. గేటు తీసేసరికి వరండాలో నిచ్చెన, నిచ్చెన మీద ఎలక్ట్రీషియన్. పాత ఇనుప ఫ్యాను రెక్కలు విప్పి మెట్ల పక్కన పెట్టి ఉంది. కొత్తదాని పెట్టె తెరిచి ఉంది. ఇంటావిడ నిచ్చెన పట్టుకుని ఉన్నారు.

“వచ్చారా అమ్మా? వదినగారికి చప్పుడు పడదు కదా, పాతది ఒకటే కిర్రుమంటుంది. ఇది అసలు వినపడదట. రిమోటు కూడా ఉంది. వదినగారి చేతికే ఇచ్చేద్దాం, ఎంత కావాలంటే అంత పెట్టుకుంటారు” అన్నారు.

“మేం గది అద్దెకి తీసుకున్నాం పిన్నిగారూ. అమ్మ గదిలోనే ఉంటుంది.”

“అద్దెకిచ్చానమ్మా. బతకడానికిచ్చాను” అన్నారు.

గొంతు పెంచలేదు. మొహం కూడా మారలేదు. ఎలక్ట్రీషియన్ కిందికి దిగాక తనే గదిలోకి వెళ్లి స్విచ్చి వేసి వచ్చి, వరండా గచ్చు మీద వెల్లకిలా పడుకున్నారు. అమ్మ మంచం ఎక్కడ పడుతుందో సరిగ్గా అక్కడ. చేతులు పొట్ట మీద పెట్టుకుని కొత్త ఫ్యాన్ని చూస్తున్నారు. నేను ఆవిణ్ణి దాటుకుని లోపలికి వెళ్లాల్సి వచ్చింది.

మావారు చాలా పెనుగులాడారు. ఊరంతా తిరిగి ఇంకో ఇల్లు అడిగారు. ఎందుకు కావాలో తెలిశాక ఒక్కరూ ఇవ్వలేదు. ఆస్పత్రివాళ్లు ఇంక ఉంచుకోలేం అన్నారు. చివరికి ఇంటావిడే సిద్ధాంతిగారిని అడిగొచ్చి ఒక దారి చెప్పారు. దోషం లేని నక్షత్రం ఉన్నంతసేపు అమ్మ లోపల ఉండొచ్చు. దోషమున్నది వచ్చేలోగా వరండాలోకి వచ్చేయాలి. ఆవిడ లెక్కలో అది చాలా పెద్ద సాయం. ఇంకో ఓనరైతే అదీ చేసేవాడు కాదు, ఆ మాట నేనే ఒప్పుకోవాలి.

అలా అమ్మ మంచం లోపలికీ బయటికీ తిరగడం మొదలైంది. నవారు మంచం నాలుగు వైపులా నలుగురం పట్టుకునేవాళ్లం. మావారు, నేను, సుబ్బలక్ష్మి, నాలుగో కోడు ఇంటావిడ. పొద్దున్నే ఆవిడ మా హాల్లోకి వచ్చి, కళ్లజోడు సర్దుకుని గోడ క్యాలెండరులో ఆ రోజు గడి చదివేవారు. ఉత్తరాషాఢ అంటే బయటికి. ఆవిడ వేలు ఆ గడి మీద ఆగినప్పుడల్లా నేను వెళ్లి అమ్మ దుప్పటి మడతపెట్టేదాన్ని.

అమ్మ వరండాలో ఉంటే వీధి వీధంతా తన వైపే చూసేది. బడికెళ్లే పిల్లలు గేటు దగ్గరికి రాగానే నడక తగ్గించేవాళ్లు. కూరలమ్మే ఆమె బుట్ట దించి, ఇంకా ఉన్నారా అన్నట్టు నా వైపు చూసేది. అమ్మకి సిగ్గుగా ఉండేది. తల దువ్వమనేది. చీర పాదాల దాకా లాగమనేది. నలుగురిలోకి వెళ్లాలంటే అద్దం ముందు అంతసేపు నిలబడే మనిషి, రోజంతా అలా నలుగురి మధ్య పడుకుని ఉండాల్సి వచ్చింది.

కరెంటు పోతే ఇంటావిడ తాటాకు విసనకర్ర తెచ్చుకుని మంచం పక్కన కూర్చునేవారు. నేను విసిరితే చెయ్యి లాగేసి ఆగిపోయేదాన్ని. ఆవిడ ఆగేవారు కాదు. కరెంటు వచ్చి ఫ్యాను వేగం అందుకున్నాకే లేచేవారు. గడప లోపలికి రావద్దన్న మనిషీ, చెయ్యి పడిపోయేలా విసిరిన మనిషీ ఒకరే. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతోంది.

“చల్లగా ఉందే. వదినగారు పాపం మంచి ఫ్యాను కొన్నారు” అనేది అమ్మ, రిమోటు గుండె మీద పెట్టుకుని. అప్పుడు అమ్మ మీద కూడా కోపం వచ్చేది.

శ్రవణం వచ్చిన రోజు పొద్దున్నే అమ్మని లోపలికి తెచ్చాం. తన గది, తన గోడ, తను కుట్టిన తలుపు తెర. తెర వేస్తే వీధిలో ఎవరికీ కనపడదు. అమ్మ మొహం తేటపడింది.

“శ్రవణం ఎందాకా ఉందే?” అంది.

తెలీదన్నాను. ఇంటావిడ గుమ్మంలోనే ఉన్నారు. అడిగినదానికి జవాబు చెప్పకపోవడం ఆవిడకి చేతకాదు.

“సాయంత్రం నాలుగున్నర దాకా ఉంది వదినగారూ. తర్వాత ధనిష్ఠ.”

అమ్మ తలూపింది. మంచినీళ్లిస్తే వద్దంది. మాత్ర వద్దంది. చేతులు రెండూ పక్కన పెట్టుకుని కళ్లు మూసుకుంది. నిద్రపోతోందనుకున్నాను. మధ్యాహ్నం సుబ్బలక్ష్మి వచ్చి కాసేపు చూసి, నన్ను హాల్లోకి పిలిచింది.

“అమ్మగారు నిద్రపోవట్లేదండి. గడియారం చూసుకుంటున్నారు” అంది.

అప్పుడు అర్థమైంది. అమ్మ నాలుగున్నరలోగా పోవాలని చూస్తోంది. తన గదిలో, తన తెర వెనక, ఎవరికీ కనపడకుండా పోవాలంటే ఉన్న వ్యవధి అంతే. మధ్యమధ్య కళ్లు తెరిచి గోడ గడియారం చూసి, మళ్లీ గట్టిగా మూసుకునేది. పరీక్ష రాస్తున్న పిల్లలా ఉంది తన మొహం. నేను తన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఉండమ్మా అనాలో, వెళ్లమ్మా అనాలో తెలియక ఏడ్చాను. ఏ కూతురికీ అలాంటి మధ్యాహ్నం రాకూడదు.

ప్రాణం పోలేదు. టైము దగ్గరికొచ్చింది. ఇంటావిడ వచ్చి గుమ్మం అవతల నిలబడ్డారు. గడియారం వంక కూడా చూడలేదు, అంత మర్యాద. నేను లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

“ఈ పూట కదపనివ్వను పిన్నిగారూ. ఇల్లు పాడుపెట్టుకుంటారో, మమ్మల్ని బయటికి పొమ్మంటారో మీ ఇష్టం” అన్నాను.

“పాడుపెడితే నేనెక్కడికి పోనమ్మా?” అన్నారు. ఆవిడ కళ్లలో నీళ్లు చూడడం అదే మొదలు. “ఈ వయసులో మళ్లీ ఎవరి హాల్లో పడుకోను?”

మావారు గట్టిగా ఏదో అనబోయారు. ఈలోగా మంచం మీద నుంచి అమ్మ గొంతు వినపడింది.

“పక్కకి జరగవే. ఆవిణ్ణి గుమ్మంలో నిలబెట్టి మాట్లాడతావేంటి? తియ్యండి బాబూ, మంచం తియ్యండి.”

మంచం ఎత్తాం. అమ్మ మర్నాడు పొద్దున్న వరండాలోనే పోయింది. ఇల్లు పాడుపెట్టక్కర్లేదన్నారు సిద్ధాంతిగారు. కర్మ కాగానే మేం ఖాళీ చేసి జంగారెడ్డిగూడెం వచ్చేశాం, మళ్లీ ఆవిణ్ణి చూడలేదు. తిట్టుకోవడానికి నాకు కావలసినంత ఉంది. తిట్టుకున్నాను కూడా. కానీ ఆవిడ పోయారని విన్నాక వంటింట్లో కూర్చున్నంతసేపూ నా చెవుల్లో ఉన్నవి, ఆ సాయంత్రం మంచం గడప దాటుతున్నప్పుడు విన్న మాటలు.

ఆ గడప ఎత్తుగా ఉంటుంది. దాటించడానికి అందరం ఒక్క క్షణం ఆగాం. ఇంటావిడ తల వైపు పట్టుకున్నారు. అమ్మ కళ్లు పైకెత్తి ఆవిడ మొహంలోకి చూసింది.

“మిమ్మల్ని ఇబ్బంది పెట్టేశాను వదినగారూ. టైముకి పోలేకపోయాను” అంది.

ఆవిడ కోడు వదలకుండానే కాస్త కిందికి వంగారు.

“అయ్యో, పర్లేదు వదినగారూ” అన్నారు. “మీరు మాత్రం ఏం చేస్తారు.”